పండిత రమాబాయి: బాప్తిస్మానికి అర్థం వెతికిన జీవితం

1883 సెప్టెంబరు 29న ఇంగ్లండులోని వాంటేజ్ అనే చిన్న పట్టణంలో పాతికేళ్ల మరాఠీ బ్రాహ్మణ వితంతువు ఒకరు, రెండున్నరేళ్ల కుమార్తెతో కలిసి బాప్తిస్మం పొందారు. ఆమెకు మేరీ రమా అనే పేరు పెట్టారు. కలకత్తా పండితులు ఆమె సంస్కృత పాండిత్యానికి ముగ్ధులై పండిత, సరస్వతి అనే బిరుదులతో సత్కరించి అప్పటికి ఐదేళ్లు. మతం మారే ఉద్దేశం తనకు లేదని సముద్రయానానికి ముందు పుణేలోని శ్రేయోభిలాషులకు ఆమె నచ్చజెప్పి నాలుగైదు నెలలు మాత్రమే. ఈ వార్త మహారాష్ట్రలో పెద్ద దుమారం రేపింది.

మరో దుమారం అక్కడే, ఆమెకు బాప్తిస్మం ఇచ్చిన చర్చిలోనే రేగింది. రెండేళ్లు తిరగకుండానే ఆ చర్చి పెద్దలతో, తనను కన్నబిడ్డలా ఆదరించిన సన్యాసినులతో రమాబాయి ఉత్తరాలలో తీవ్రంగా వాదించవలసి వచ్చింది. ఆ వాదానికి మూలం ఒకే ప్రశ్న. బాప్తిస్మం పొందిన మనిషి మాట ఇచ్చేది ఎవరికి? క్రీస్తుకా, ఆయన పేరిట నడిచే వ్యవస్థకా? క్రైస్తవ వేదాంతంలో శతాబ్దాలుగా నలిగిన ఈ ప్రశ్నకు రమాబాయి గ్రంథాలయంలో కూర్చుని సమాధానం రాయలేదు. జీవితంలో మూడు దశల్లో మూడు విధాలుగా దాన్ని ఎదుర్కొన్నారు.

బాప్తిస్మం అన్నది గ్రీకు మాట. ముంచడం అని దాని మూలార్థం. తెలుగు ప్రొటెస్టెంట్లు ఆ గ్రీకు మాటనే కొద్దిగా మార్చి వాడుకుంటారు. కథోలికులు జ్ఞానస్నానం అంటారు. ఈ రెండో మాటలో భారతీయ పుణ్యస్నానపు ఛాయ ఉంది. కానీ తొలి క్రైస్తవులు ఆ నీటిని కేవలం మలినం కడిగే నీరుగా చూడలేదు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక ప్రకారం నీటిలో మునగడం క్రీస్తుతో పాటు మరణించి సమాధి కావడం, పైకి లేవడం ఆయనతో పాటు కొత్త జీవితంలోకి రావడం. ఒకసారి మరణించినవారు మళ్లీ మరణించరు కనుక బాప్తిస్మం జీవితంలో ఒక్కసారే. పుష్కరానికొకసారి మునిగే స్నానానికీ దీనికీ ఉన్న ప్రధాన భేదం అదే.

నీటికీ మరణానికీ ఉన్న ఈ సంబంధం రమాబాయికి పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అరణ్యంలో ఆమె జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, గొప్ప సంస్కృత విద్వాంసుడు. స్త్రీకి సంస్కృతం నేర్పకూడదన్న కట్టుబాటును కాదని భార్య లక్ష్మీబాయికి నేర్పారు. ఆ తల్లే కూతురికి గురువు. ఆస్తి కరిగిపోయాక కుటుంబం పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, పురాణ ప్రవచనం చేస్తూ, వచ్చిన సంభావనతో బతికింది. చేతిలో మిగిలినది దానధర్మాలకు ఖర్చు చేశారు. దక్షిణాది కరవు రోజుల్లో చివరి బియ్యపు గింజ కూడా అయిపోయింది. యాచనకు అభిమానం అడ్డువచ్చింది. కుటుంబమంతా ఒక రాత్రి అడవిలోకి వెళ్లి ఆకులు, నీళ్లతో పదకొండు రోజులు గడిపింది. వృద్ధుడైన తండ్రి ఆకలి బాధకు తాళలేక దగ్గరున్న పవిత్ర తీర్థంలో మునిగి ప్రాణం విడవాలని నిశ్చయించుకున్నారు. పుణ్యజలంలో దేహత్యాగం ఆత్మహత్య కాదన్నది నాటి విశ్వాసం. తండ్రి ఒక్కొక్కరికీ వీడ్కోలు చెప్పి, ఆఖరి సంతానమైన రమను దగ్గరకు తీసుకుని, ధర్మం తప్పకుండా, భగవంతుని సేవ మరువకుండా బతకమని బోధించారు. చివరి నిమిషంలో కుమారుడు శ్రీనివాసశాస్త్రి అడ్డుపడ్డారు. కులగౌరవం పక్కనబెట్టి కూలిపని చేసైనా పోషిస్తానన్నారు. కానీ తండ్రి ఎక్కువ కాలం బతకలేదు. ఆయన వెనుకే తల్లి, అక్క కూడా పోయారు. ఈ సంఘటనను రమాబాయి చాలా ఏళ్ల తరువాత తన ఆత్మకథనంలో రాశారు. తీర్థజలం గట్టున నిలబడి మృత్యువు కోసం ఎదురుచూసిన మనిషికి, నీటిలో మరణించి లేవడం అన్న క్రైస్తవ భావన వట్టి అలంకారంగా తోచి ఉండదు.

అన్నాచెల్లెళ్లు ఉపఖండంలో వేల మైళ్లు కాలినడకన తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడ క్రైస్తవుల సమావేశానికి వెళ్లి, కుర్చీల ముందు మోకరిల్లి ప్రార్థిస్తున్న వారిని చూసి, వీరు కుర్చీలను పూజిస్తున్నారు కాబోలు అనుకున్నారట. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ఆమెకు వేదం ప్రతిని ఇచ్చి చదవమన్నారు. నాటి బెంగాల్‌లో కేశవచంద్రుని స్థానం ఆసక్తికరమైనది. క్రీస్తును ఎంతగానో ఆరాధించిన ఆయన ఏ చర్చిలోనూ బాప్తిస్మం తీసుకోలేదు. 1881లో తన ఇంటి కొలనునే యోర్దాను నదిగా భావించి అందులో స్నానం చేశారు. క్రీస్తు కావాలి, చర్చి వద్దు అన్న ధోరణికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అలా ఉండడానికి కారణం కూడా ఉంది. భారతీయ సమాజంలో క్రీస్తును మెచ్చుకోవడం తప్పు కాదు, బైబిలు చదవడమూ తప్పు కాదు. గీత పడేది బాప్తిస్మం దగ్గరే. అది పొందిన రోజున మనిషి కులం నుంచి, పంక్తి నుంచి, తరచూ ఇంటి నుంచి బయటపడేవాడు. మతం మారినవారికి వారసత్వపు హక్కు పోకుండా 1850లో ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. వేదాంతులు పరలోక ద్వారం అన్న సంస్కారం మన దేశంలో సామాజిక మరణ ధ్రువపత్రంగా పనిచేసింది.

1880లో ఢాకాలో అన్న మరణించారు. అదే ఏడాది జూన్‌లో రమాబాయి బెంగాలీ కాయస్థుడైన న్యాయవాది బిపిన్ బిహారీ దాస్ మేధావిని సివిల్ వివాహం చేసుకుని అస్సాంలోని సిల్చర్‌కు వెళ్లారు. భర్త పుస్తకాలలో ఆమెకు లూకా సువార్త బెంగాలీ ప్రతి దొరికింది. ఆ ఊరికి వచ్చే బాప్టిస్టు మిషనరీ ఒకరు బైబిలు వివరించేవారు. అవి ఆమెను ఆకట్టుకున్నాయి. కానీ అందరూ చిన్నచూపు చూసే ఆ సమాజంలో భార్య బహిరంగంగా చేరడానికి బిపిన్ ఒప్పుకోలేదు. 1881లో కుమార్తె మనోరమ పుట్టింది. మరుసటి ఫిబ్రవరిలో కలరా భర్తను తీసుకుపోయింది.

పుణే చేరిన రమాబాయి ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించారు. స్త్రీ ధర్మనీతి అనే మరాఠీ గ్రంథం రాశారు. హంటర్ విద్యా కమిషన్ ముందు స్త్రీలకు వైద్యవిద్య అవసరమని సాక్ష్యం చెప్పారు. తానే వైద్యం చదవాలన్న కోరికతో, వాంటేజ్ సన్యాసినుల ఆతిథ్యం మీద, 1883లో ఆనందీబాయి భగత్ అనే స్నేహితురాలితో, పసిబిడ్డతో ఇంగ్లండు బయలుదేరారు. వినికిడి లోపం వల్ల వైద్యవిద్య ఆశ నెరవేరలేదు.

ఆ కొద్ది నెలల్లోనే రెండు విషయాలు ఆమెను కదిలించాయి. మొదటిది లండన్‌లోని ఫుల్హామ్‌లో సన్యాసినులు నడిపే ఆశ్రమం. సమాజం పతితలని వెలివేసిన స్త్రీలను అక్కడ ఆదరించి, కొత్త బతుకు నేర్పుతున్నారు. తాను చదివిన ధర్మశాస్త్రాలు అలాంటి స్త్రీలకు విధించిన శిక్షలు రమాబాయికి కంఠతా వచ్చు. ఈ దయకు మూలమేమిటని అడిగితే ఒక సన్యాసిని యోహాను సువార్తలోని సమరయ స్త్రీ కథ చదివి వినిపించారు. యూదులు ముట్టని జాతికి చెందిన, లోకం వేలెత్తి చూపిన ఆ స్త్రీని బావి గట్టున క్రీస్తు నీళ్లడిగి, జీవజలం గురించి ఆమెకు బోధించిన కథ అది. ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగవచ్చో జన్మను బట్టి నిర్ణయించే దేశం నుంచి వచ్చిన రమాబాయికి దాని బరువు ఇంగ్లండువారి కంటే బాగా అర్థమైంది. రెండోది నెహెమ్యా గోరె ప్రభావం. కాశీలో పెరిగి, 1848లో క్రైస్తవుడై, ఆంగ్లికన్ పురోహితుడైన ఈ చిత్పావన పండితుడు రమాబాయిని పుణేలోనే కలుసుకున్నారు. ఆయన శాస్త్రీయ తర్కంతో రాసినవి ఆమె మేధస్సును ఒప్పించాయి.

ఇదే సమయంలో ఒక విషాదం జరిగింది. మతం మార్పిస్తారన్న భయంతో మనసు చెదిరిన ఆనందీబాయి భగత్ ఆత్మహత్య చేసుకున్నారు. ఆ దుఃఖపు నీడలోనే రమాబాయి బాప్తిస్మం జరిగింది. ఆమె నిర్ణయాన్ని తప్పుపట్టినవారే ఎక్కువ. జోతిరావు ఫూలే మాత్రం 1885లో తన సత్సార్ పత్రికలో ఆమెను సమర్థించారు.

ఇక అసలు వివాదం. వాంటేజ్ సన్యాసినులు ఆంగ్లికన్ చర్చిలో కథోలిక సంప్రదాయానికి దగ్గరగా ఉండే వర్గానికి చెందినవారు. బాప్తిస్మజలం ద్వారానే దేవుడు మనిషికి నూతన జన్మ ప్రసాదిస్తాడని, ఆ జన్మతో మనిషి చర్చి అనే శరీరంలో అవయవమవుతాడని ఆ వర్గం విశ్వాసం. చర్చికి తల్లి స్థానం కనుక బిడ్డ విధేయత చూపాలి. ఇంగ్లండులో ఈ సంగతి అప్పటికే కోర్టు దాకా వెళ్లింది. శిశు బాప్తిస్మం తప్పనిసరిగా పునర్జన్మనిస్తుందని అంగీకరించని జార్జ్ గోరమ్ అనే పురోహితునికి ఎక్సెటర్ బిషప్ పదవి నిరాకరించగా, 1850లో ప్రీవీ కౌన్సిల్ గోరమ్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. చర్చి సిద్ధాంతాన్ని ప్రభుత్వ న్యాయస్థానం తేల్చడమేమిటని హెన్రీ మానింగ్ వంటి పెద్దలు ఆంగ్లికన్ చర్చినే విడిచి రోమ్‌తో కలిశారు. అంటే రమాబాయి ఒక శాంతమైన సరస్సులో దిగలేదు, అప్పటికే సుడులు తిరుగుతున్న నీటిలో దిగారు.

1884లో ఆమె చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో చదువుతూ సంస్కృతం బోధించసాగారు. మగ విద్యార్థులకు పాఠం చెప్పే ప్రతిపాదన వస్తే భారతదేశంలోని బిషప్పులు అభ్యంతరం చెప్పారు. స్వదేశంలో పండిత సభలలో పురుషుల ఎదుట ప్రసంగించిన స్త్రీకి ఈ నిషేధం విడ్డూరంగా తోచింది. శాకాహారం మానకపోవడాన్ని సన్యాసిని జెరాల్డిన్ కులాహంకారపు శేషంగా భావించారు. శిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఎందుకు కాకూడదని రమాబాయి అడిగారు. ఇవన్నీ పైపై తగాదాల్లా కనిపిస్తాయి, కానీ అడుగున ఉన్నది బాప్తిస్మపు అర్థమే. ఆ నీటితో కడుక్కుపోవలసినది పాపమా, భారతీయతా?

సిద్ధాంతం దగ్గర వాదం మరింత ముదిరింది. త్రిత్వ సిద్ధాంతాన్ని, ముఖ్యంగా దాన్ని నమ్మనివారికి రక్షణ లేదని చెప్పే అథనేసియన్ విశ్వాస ప్రమాణాన్ని రమాబాయి అంగీకరించలేకపోయారు. బాప్తిస్మ సమయంలో విశ్వాసప్రమాణం చేశారు కదా, ఇప్పుడు వెనకడుగు వేయడం మాట తప్పడం కాదా అని జెరాల్డిన్ నిలదీశారు. రమాబాయి వాదం వేరు. అపొస్తలుల కాలంలో యేసును క్రీస్తుగా విశ్వసించినవారికి వెంటనే బాప్తిస్మం ఇచ్చారు. రథంలో ప్రయాణిస్తున్న ఇతియోపియా అధికారికి దారిపక్క నీటిలోనే ఇచ్చారు. తరువాతి శతాబ్దాల ప్రమాణాలను వారెవరూ వల్లించలేదు. తాను కూడా క్రీస్తు ఆజ్ఞ మేరకు బాప్తిస్మం పొందాను గాని, ఒక శాఖ చెప్పే ప్రతి మాటకూ లోబడతానని ఒప్పుకోలేదని ఆమె స్పష్టం చేశారు. ఒక పురోహితవర్గపు కాడి నుంచి ఎంతో శ్రమపడి మెడ విడిపించుకున్న తాను, మరో కాడిని తలకెత్తుకోబోనని తేల్చిచెప్పారు.

న్యాయంగా చూస్తే జెరాల్డిన్ వాదనలో బలం లేకపోలేదు. మత్తయి సువార్తలో క్రీస్తు ఇచ్చిన బాప్తిస్మపు ఆజ్ఞే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున ఇవ్వమంటుంది. ఆ నామాన్ని స్వీకరించి త్రిత్వాన్ని పక్కనబెట్టడం ఎలా అన్నది అప్రధానమైన ప్రశ్న కాదు. పైగా బాప్తిస్మం వ్యక్తిగత ఒప్పందం మాత్రమే అయితే రెండున్నరేళ్ల మనోరమకు ఇచ్చినదానికి అర్థమేమిటి? పసిబిడ్డలకు పెద్దల విశ్వాసం మీద బాప్తిస్మం ఇస్తారు, ఆ విశ్వాసంలో పెంచే బాధ్యత చర్చి తీసుకుంటుంది. మనోరమ వాంటేజ్‌లో పెరుగుతోంది. తాను నమ్మనిది తన బిడ్డకు నేర్పుతున్నారని తల్లి బాధ, బాప్తిస్మం పొందిన బిడ్డకు చర్చి బోధ అందకుండా పోతోందని జెరాల్డిన్ బాధ. తల్లీకూతుళ్లిద్దరూ ఆజీబాయి, అంటే అమ్మమ్మ, అని పిలుచుకున్న మనిషి ఆమె. ఆ ఉత్తరాలలో కోపమూ ప్రేమా ఒకే వాక్యంలో కనిపిస్తాయి. జెరాల్డినే వాటిని భద్రపరిచి కూర్చారు. 1977లో మహారాష్ట్ర ప్రభుత్వ సాహిత్య సంస్థ వాటిని గ్రంథంగా ప్రచురించింది.

1886లో రమాబాయి అమెరికా వెళ్లారు. బంధువైన ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా పొందే సభకు హాజరై, తరువాత అగ్రకుల హిందూ స్త్రీ స్థితిగతుల మీద ఆంగ్లంలో పుస్తకం రాసి, సహాయ సంఘాన్ని కూడగట్టి తిరిగి వచ్చారు. 1889 మార్చి 11న బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. మత బోధన ఉండదన్నది అక్కడి నియమం. వంటశాలలో బ్రాహ్మణ ఆచారమే పాటించారు. కానీ ఆమె తన గదిలో తలుపు తెరిచి ప్రార్థించుకునేవారు, కొందరు బాలికలు వచ్చి కూర్చునేవారు. 1893లో ఇది పెద్ద గొడవైంది. తిలక్ కేసరి పత్రిక విరుచుకుపడింది. రానడే, భండార్కర్ సలహా మండలి నుంచి తప్పుకున్నారు. సంరక్షకులు పాతికమంది వరకు బాలికలను తీసుకుపోయారు. ఆ తరువాతి ఏళ్లలో సదన్ బాలికలు కొందరు బాప్తిస్మం కోరినప్పుడు, వారిని కాదనడానికి ఆమె తన గతాన్ని కాదనుకోవలసి వచ్చేది. ఆశ్రయమిచ్చిన చేతిలోనే బాప్తిస్మజలం కూడా ఉంటే ఆశ్రితుల ఇష్టం ఎంత స్వేచ్ఛగా ఉంటుందన్న విమర్శకుల ప్రశ్న మాత్రం ఆమె పనిని చివరిదాకా వెంటాడింది.

ఈలోగా ఆమె లోపల మరో మార్పు. విలియం హాస్లమ్ అనే ఆంగ్లికన్ పురోహితుని ఆత్మకథ ఆమె కంటబడింది. ఏళ్ల తరబడి చర్చిలో సేవ చేశాక, ఒకనాడు తన ప్రసంగమే తనను మార్చగా, అప్పటిదాకా తనకు నిజమైన విశ్వాసం లేదని గ్రహించిన మనిషి ఆయన. ఆ పుస్తకం రమాబాయిని కలవరపరిచింది. వాంటేజ్‌లో తనకు క్రైస్తవ మతం దొరికింది గాని క్రీస్తు దొరకలేదని ఆమె 1891 ప్రాంతంలో నిర్ధారించుకున్నారు. బాప్తిస్మజలమే పునర్జన్మ అన్న తొలి గురువుల బోధకు ఇది పూర్తిగా ఎదురు నిలిచే అనుభవం. బాప్తిస్మం లోపలి అనుగ్రహానికి బయటి గుర్తు అని ఆంగ్లికన్ ప్రశ్నోత్తరాలే చెబుతాయి. ఆమె విషయంలో గుర్తు ముందు వచ్చింది, గుర్తు సూచించినది ఎనిమిదేళ్లకు వచ్చింది. అయినా నాటి బాప్తిస్మం చెల్లదని ఆమె వాదించలేదు.

1896 నాటి కరవులో ఆమె మధ్య పరగణాలకు వెళ్లి ఆకలితో అల్లాడుతున్న వందలాది బాలికలను తెచ్చి, పుణే దగ్గర కేడ్‌గావ్‌లోని పొలంలో ఆశ్రయం కల్పించారు. ఒకప్పుడు అదే ఆకలితో అడవిలో పడివున్న బాలిక ఆమె. ముక్తి అని పేరుపెట్టిన ఆ ఆశ్రమంలో 1900 గుజరాత్ కరవు తరువాత దాదాపు రెండు వేలమంది ఉన్నారు. బడి, నేత, ముద్రణాలయం, వ్యవసాయం అన్నీ స్త్రీల చేతిమీదుగానే నడిచాయి.

వేల్స్‌లో మొదలైన ఆధ్యాత్మిక ఉజ్జీవం వార్తలు విని 1905లో ఆమె ప్రార్థన బృందాలు ఏర్పరిచారు. ఆ ఏడాది జూన్ చివర ముక్తిలో బాలికలు గంటల తరబడి ఏడుస్తూ, పాపాలు ఒప్పుకుంటూ, తమను అగ్ని దహించినట్టుందని చెబుతూ ప్రార్థించారు. సువార్తలలో యోహాను తాను నీటితో బాప్తిస్మమిస్తున్నానని, తన వెనుక వచ్చేవాడు పరిశుద్ధాత్మతో, అగ్నితో ఇస్తాడని చెబుతాడు. ఆశ్రమంలో పనిచేస్తున్న అమెరికన్ మెథడిస్టు మిన్నీ అబ్రామ్స్ ఆ అనుభవాన్ని ఆ మాటలతోనే వివరిస్తూ 1906లో పుస్తకం రాశారు. అది చిలీలోని ఒక పాత సహాధ్యాయినికి చేరి, ఆ దేశంలో 1909 నాటి పెంతెకొస్తు ఉద్యమానికి ప్రేరణ అయింది. కరవు నుంచి బతికి బయటపడ్డ మరాఠీ, గుజరాతీ బాలికల ప్రార్థన దక్షిణ అమెరికా చర్చి చరిత్రలోకి చేరడం అరుదైన విశేషం. ముక్తిలో అన్యభాషలతో ప్రార్థించిన వారున్నా, అదే ఆత్మ బాప్తిస్మానికి తప్పనిసరి గుర్తు అన్న నియమాన్ని రమాబాయి విధించలేదు. నియమాల విషయంలో ఆమె వాంటేజ్ రోజుల నుంచి మారలేదు.

చివరి సంవత్సరాలు బైబిలు అనువాదానికి వెచ్చించారు. సంస్కృతంలో అంతటి పండితురాలు సంస్కృత సమాసాలను పక్కనబెట్టి, కొద్దిగా చదువు వచ్చిన పల్లెటూరి స్త్రీకి అర్థమయ్యే మరాఠీని ఎంచుకున్నారు. అందుకోసం హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకున్నారు. 1921 జులైలో మనోరమ తల్లికంటే ముందే కన్నుమూశారు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి తుదిశ్వాస విడిచారు. సంపూర్ణ అనువాదం 1924లో వెలువడింది.

భారత తపాలా శాఖ 1989లో ఆమె పేరిట బిళ్ల విడుదల చేసింది. ఎవరి ప్రమాణాలకు పూర్తిగా లోబడనని ఆమె వాదించారో ఆ ఇంగ్లండు చర్చి, ఏటా ఏప్రిల్ 30న తన పంచాంగంలో ఆమెను స్మరించుకుంటుంది. అక్కడ ఆమె పేరు పండిత మేరీ రమాబాయి. వాంటేజ్‌లో పెట్టిన పేరును చర్చి నిలుపుకుంది, కలకత్తాలో ఇచ్చిన బిరుదును కూడా తీసేయలేదు.